కన్నం విడిచి కన్నం

శాటిన్ ముట్టుకునే ముందు అత్త అరచేతిలో చెంచాడు పంచదార పోసుకుని, నాలుగు చుక్కల నూనె వేసి, రెండు చేతులూ బరబరా రుద్దుకుంటుంది. కడుక్కున్నాక చెయ్యి పసిపిల్ల బుగ్గలా అవుతుంది. గోరు చివర రవ్వంత గరుకున్నా శాటిన్ పట్టేసుకుంటుంది మరి. ఒక పోగు లేచిందంటే ముక్క మొత్తం పారేయాల్సిందే.

ఆ సోమవారం ఆవిడ చేతులు తుడుచుకుంటుండగా మేడం మెట్లెక్కి పైకి వచ్చింది. కింద షోరూము, పైన కుట్టుషాపు. ఆడవాళ్ళ లోపలి బట్టలు తప్ప ఇంకోటి కుట్టరక్కడ. మేడం మామూలుగా పైకి రాదు. ఏదైనా కావాలంటే బెల్లు కొడుతుంది. చంకలో లావుపాటి బొమ్మల పుస్తకం పెట్టుకుని ఆవిడే రావడంతో పదకొండు మిషన్లూ ఒక్కొక్కటే ఆగిపోయాయి.

సంగతేమిటంటే, షాపు పెట్టి శుక్రవారానికి అరవై ఏళ్ళు. కింద అద్దాల వెనక వరసగా బొమ్మల్ని నిలబెట్టి, ఆడవాళ్ళు లోపల వేసుకునే బట్టలు కాలంతో పాటు ఎలా మారాయో చూపించాలని మేడం ఆలోచన. పుస్తకం బల్ల మీద పరిచి ఒక్కో పేజీ తిప్పింది. మోకాళ్ళ దాకా వేలాడే వదులు బాడీలు, శంఖాల్లా మొన తేలిన కప్పులు, గౌను కింద వేసుకునే జారుడు శాటిన్ స్లిప్పులు. కటింగ్ మాస్టారు మెడలో టేపు సవరించుకుంటూ చూశాడు. మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. అందుకే అందరికీ ఆయన టేపు మాస్టారు.

"కాలం గడిచేకొద్దీ గుడ్డ తగ్గింది, మాట పెరిగింది," అన్నాడాయన. అందరూ నవ్వారు.

మేడం మాత్రం మొదటి పేజీకి తిరిగి వెళ్ళింది. అందులో ఒకావిడ నిలబడి ఉంది. నడుం చూస్తే రెండు చేతులతో చుట్టి పట్టుకోవచ్చు. పైన భుజాలు, కింద తుంటి, మధ్యలో ఏదీ లేనట్టు. కార్సెట్టు అంటారట. పూర్వం తిమింగలం నోట్లోంచి తీసిన పలకలు పెట్టి కుట్టేవారని, తర్వాత ఉక్కు పట్టీలు వచ్చాయని, వెనక లేసు తాడు లాగి బిగిస్తే నడుం అలా అవుతుందని మేడం చెప్పింది. పన్నెండేళ్ళ పిల్లలకి కూడా కట్టేవారట.

"ఇది మాత్రం బొమ్మకి వెయ్యలేం. ప్లాస్టిక్ నడుం బిగియదు కదా. మనిషికే కట్టాలి. అందరి ముందూ బిగించి చూపించాలి," అంది మేడం.

ఆవిడ కళ్ళు మిషన్ల మీదుగా వెళ్ళి, చివర ఆవిరి ఇస్త్రీ పెట్టె దగ్గర ఆగాయి. అక్కడ అత్త కోడలు నిలబడి ఉంది. పొడుగు మనిషి, సన్నగా వెదురు బద్దలా ఉంటుంది. ఆ పిల్ల ఈ షాపులో చేరిన దగ్గర్నుంచీ "అత్తయ్యా, అత్తయ్యా" అని పిలుస్తుంటే, వినీ వినీ షాపు మొత్తం ఆవిణ్ణి అత్తా అనే పిలుస్తోంది. ఆఖరికి ఆవిడకంటే రెండేళ్ళు పెద్దయిన వాచ్‌మన్ కూడా.

పొడుగాటి తెల్ల గౌను వేయించి దాని పైనే కడతామని, సిగ్గుపడాల్సింది ఏమీ లేదని మేడం చెప్పింది. బాగా చేస్తే ఆ పిల్లని ఆవిరి దగ్గర్నుంచి తీసి కింద కౌంటర్లో కూర్చోబెడతానంది. కూర్చోబెడతానన్న మాటకి కోడలు కళ్ళు ఎలా వెలిగాయో అత్త చూసింది.

"సరే మేడం," అంది కోడలు, అత్త వైపు చూడకుండా.

కొలత అత్తే తీసింది. ఇరవై నాలుగున్నర. నెలన్నర కింద జాకెట్టుకి తీసినప్పుడు ఇరవై మూడున్నర. అంగుళం పెద్ద విషయం కాదు, తిండికీ గాలికీ కూడా మారుతుంది. కానీ టేపు చుట్టగానే ఆ పిల్ల గబుక్కున పొట్ట లోపలికి లాక్కుంది. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళు పొట్ట లాక్కోరు. అత్త టేపు వదులు చేసి, ఏమీ చూడనట్టే అంకె చెప్పింది.

"పంతొమ్మిదికి రావాలి," అంది మేడం.

"మరి ఊపిరెక్కడ పెట్టుకోవాలండీ, చేతి సంచీలోనా?" అన్నాడు మాస్టారు. ఈసారి మేడం కూడా నవ్వింది. కానీ కాగితం మీద పంతొమ్మిదే రాసి, కింద రెండు గీతలు గీసింది.

మంగళవారం పొద్దున్న మాస్టారు గుడ్డ కోశాడు. దంతం రంగు శాటిన్. దానికి ముందూ వెనకా వేరు. ముందు వైపు పోగులు పైకి తేలి పరుచుకుని ఉంటాయి కాబట్టి నీళ్ళలా మెరుస్తుంది. వెనక వైపు బూడిద రాసినట్టు వెలవెలబోతుంది. గుండుసూది గుచ్చితే మచ్చ పడుతుంది కాబట్టి పైన ఇనుప గుండ్లు పెట్టి, ఒక్కో పొర విడివిడిగా కోశాడు. లోపలి వైపుకి డేరా గుడ్డ లాంటి గట్టి కాటన్. రెంటి మధ్యా ఉక్కు పట్టీలు దూర్చే గొట్టాలు, మొత్తం ఇరవై నాలుగు. అన్నీ పేర్చి చూశాక ఆయనకి నవ్వు రాలేదు.

"ఇది బట్ట కాదత్తా, బోను. పైన పట్టు తొడిగిన బోను," అన్నాడు. ఆ రోజు నుంచీ షాపులో దాని పేరు బోను అయిపోయింది. బోను ఎంతవరకు వచ్చింది, బోనుకి లేసు రింగులు కొట్టారా, అని.

అత్త సన్నసూది వేసి కుట్టింది. అంగుళానికి పన్నెండు కుట్లు, గీత గీసినట్టు. శాటిన్ మీద కుట్టు ఒక్కసారే పడాలి. తప్పు కుట్టి విప్పితే దారం వస్తుంది గానీ కన్నాలు పోవు. ఇస్త్రీ చేసినా, ఉతికినా, భూతద్దం పెట్టి చూస్తే వరసగా చీమల బారులా కనబడతాయి. ముప్పై ఒక్క ఏళ్ళలో అత్త కుట్టు విప్పి కుట్టిన ముక్క ఒక్కటి కూడా కిందికి వెళ్ళలేదని మాస్టారే కొత్తవాళ్ళకి చెబుతుంటాడు.

మధ్యాహ్నం ఆవిరి పెట్టె బుస్సుమంది. వేడి శాటిన్‌కి ఒక వాసనుంటుంది, జుట్టు కాలినట్టు. కోడలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టేసి బాత్రూం వైపు నడిచింది. పరుగెత్తలేదు. పరుగెత్తకూడదని నడిచింది. అత్త దారం ఉండ తెచ్చుకునే వంకతో వెనకాల వెళ్ళి తలుపు బయట నిలబడింది. లోపల కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. నీళ్ళ చప్పుడు కింద ఇంకో చప్పుడు. అది ఆగింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. కుళాయి మాత్రం కట్టలేదు.

అత్త మెల్లగా వెనక్కి వచ్చి తన స్టూలు మీద కూర్చుంది.

అడగొచ్చు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. కొడుకు దూరపు బస్సుల మీద డ్రైవరు, వారానికి రెండు రోజులుంటాడు. మిగతా రోజులు అత్తా కోడళ్ళిద్దరే. కానీ పోయినసారి రెండో నెలలోనే వీధి వీధంతా చెప్పుకుని, మూడో నెలలో వీధి వీధంతా ఓదార్పుకి వస్తే, ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఒకే మాట అంది. ఇంకోసారంటూ ఉంటే ఐదో నెల దాకా ఈ గోడక్కూడా చెప్పనని. ఆ వీధంతటికీ చెప్పింది అత్తే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

షాపులో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎక్కడా రాసి ఉండదు. కడుపుతో ఉందని తెలిస్తే ఆవిరి దగ్గర ఏమైనా అయితే మాకెందుకని, కాన్పయ్యాక రమ్మంటారు. కాన్పయ్యాక వచ్చినవాళ్ళకి ఆ చోటు ఖాళీ ఉండదు.

బుధవారం మేడం తనే బిగించి చూస్తానంది. అద్దం ముందు కోడల్ని నిలబెట్టి, బల్ల అంచు పట్టుకోమంది. బోను తొడిగి ముందు కొక్కేలు పెట్టింది అత్త. వెనక నిలబడి లేసు లాగింది మేడం, బావిలోంచి చేద లాగినట్టు, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి. ఇరవై నాలుగు. ఇరవై మూడు. ఉక్కు పట్టీలు శాటిన్ కింద ఒకదానికొకటి దగ్గరకి జరుగుతుంటే కిర్రుమని సన్నగా చప్పుడు. ఇరవై రెండు దగ్గర కోడలు వేళ్ళ గోళ్ళు బల్ల చెక్కలో దిగాయి. ఇరవై ఒకటి దగ్గర మెడ మీద నరం లేచింది.

"ఎలా ఉంది?" అని అడిగింది మేడం.

"బాగుంది మేడం," అంది కోడలు. ఆ రెండు మాటల మధ్య ఊపిరికి చోటు లేదు.

"ఇవాళ్టికి చాలు. ఎల్లుండి ఇంకో రెండు."

విప్పాక స్లిప్పు ఎత్తి చూసింది అత్త, కొలత సరిచూసే వంకతో. పక్కటెముకల మీద పట్టీల అచ్చులు ఎర్రగా నిలువు గీతలు. అవి గంటలో పోతాయి. కానీ ముందు కొక్కేల పట్టీ కింది కొస బొడ్డుకి నాలుగు వేళ్ళ దిగువన గుచ్చుకున్న చోట అర్ధచంద్రంలా గుంట పడింది. సరిగ్గా అక్కడే. అత్త దాని మీద వేలు పెట్టబోయింది. కోడలు స్లిప్పు దించేసుకుంది.

ఆ వెంటనే అత్త మేడం దగ్గరకెళ్ళి, ఈ పిల్లకి కాస్త ఆయాసమండీ, ఇంకెవరినైనా చూస్తే బాగుంటుందేమోనని నీళ్ళు నమిలింది. మేడం మర్యాదగానే విన్నది. తర్వాత మర్యాదగానే అంది.

"ఆయాసం ఉంటే ఆవిరి దగ్గర మాత్రం ఎందుకత్తా? ఇంటి దగ్గర రెస్టు తీసుకోమందాం."

"లేదు మేడం, అత్తయ్యకి నేను తుమ్మినా జ్వరమే," అంది వెనక నుంచి కోడలు, నవ్వుతూ. ఆ నవ్వు వెలవెలగా ఉంది, శాటిన్ వెనక వైపులా.

మేడం అత్త భుజం తట్టింది. కుట్టు పిగలకుండా చూడమని, అత్త కుట్టు మీద తనకి నమ్మకమని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు సర్దుతూ అత్త, "అమ్మాయ్," అంది.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదు. రేపు మబ్బుగా ఉండేట్టుంది. గొడుగు పట్టుకో."

గురువారం మధ్యాహ్నం అందరూ డబ్బాలు పట్టుకుని డాబా మీదకి వెళ్ళారు. అత్తకి ఆకలి లేదు. బోను కర్ర బొమ్మకి తొడిగి ఉంది. ఆవిడ దాన్ని విప్పి ఒళ్ళో పెట్టుకుని, మెడలో రిబ్బన్‌కి వేలాడే చిన్న దారం కత్తెర చేతిలోకి తీసుకుంది.

ముందు లోపలి వైపు నడుం చుట్టూ వేసిన గట్టి పట్టీ తీసేసింది. బలమంతా దానిదే. తర్వాత ఎడమ పక్క కుట్టు మొదటి దారం పుటుక్కుమనిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెయ్యని పని కాబట్టి చెయ్యి దానంతట అది ఆగింది. బొడ్డు కింద అర్ధచంద్రం గుర్తొచ్చింది. చెయ్యి మళ్ళీ కదిలింది.

జానెడు మేర విప్పి, కొత్త కన్నం పడకుండా పాత కన్నాల్లోంచే చేత్తో కుట్టుకుంటూ వచ్చింది. ఒంటి పోగు దారం. కన్నం విడిచి కన్నం. దూరం నుంచి చూస్తే అదే గీత. లాగితే మాత్రం ఆగదు. ఇరవై ఒకటి దాటి బిగించగానే పిగిలిపోతుంది. అందరి ముందూ పిగులుతుంది. ముసలిదానికి కళ్ళు మందగించాయంటారు. అననీ. తప్పు కుట్టినదానిది, కట్టుకున్న పిల్లది కాదు. ఆ పిల్ల కౌంటర్లో కూర్చుంటుంది. తనని తీసేస్తే తీసేస్తారు.

మెట్ల మీద నవ్వులు వినబడే సరికి బోను మళ్ళీ కర్ర బొమ్మ మీద ఉంది. మాస్టారు దాని పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం నిలబడ్డట్టు అనిపించింది. తర్వాత టేపు సవరించుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆఖరి ఇస్త్రీ ఉందని కోడలు అత్త కంటే గంట ముందే బయల్దేరింది. అత్త వచ్చేసరికి బోను కిందికి వెళ్ళిపోయింది.

పదకొండింటికి షోరూము కిక్కిరిసింది. అద్దాల వెనక బొమ్మలు నూరేళ్ళ వరసలో నిలబడ్డాయి, శంఖాల కప్పుల బొమ్మ ఎవరితోనో పోట్లాటకి దిగినట్టుగా. వాటి మొదట్లో చిన్న మెట్టు మీద కోడలు, తెల్ల గౌను, దాని మీద దంతం రంగు బోను. దీపాల వెలుతురుకి శాటిన్ తడిసినట్టు మెరుస్తోంది. బాగుంది, నిజం చెప్పాలంటే చాలా బాగుంది. చూసినవాళ్ళు అబ్బా అన్నారు. ఒకావిడ కూతురికి చూపించి, అదిగో, అన్నం మానేస్తే నీకూ అలా అవుతుందని చెప్పింది. దేనికి చెప్పిందో ఆ కూతురికి అర్థమైనట్టు లేదు.

అత్త తెర పక్కన నిలబడింది. చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

మేడం కాలాల గురించి నాలుగు మాటలు చెప్పి, లేసు అందుకుని లాగింది. మాస్టారు టేపు చుట్టి అంకె చదవాలి. ఇరవై మూడు. ఇరవై రెండు. ఇరవై ఒకటి. ఇక్కడే, అనుకుంది అత్త. చిన్న చప్పుడు, చింపిన కాగితంలా, అంతే, అయిపోతుంది.

మేడం ఇంకోసారి లాగింది.

"ఇరవైన్నర," అన్నాడు మాస్టారు.

చప్పుడు రాలేదు. కోడలి పెదాల రంగు పోయింది. చెయ్యి గాల్లోకి లేచి, పట్టుకోవడానికి బల్ల లేక, పక్కనున్న బొమ్మ భుజం పట్టుకుంది. బొమ్మ ఊగింది. జనం అది కూడా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

అత్త మెట్టు దగ్గరికి వెళ్ళి ఎడమ పక్క కుట్టు చూసింది. గీత నున్నగా ఉంది. మరీ నున్నగా. ప్రతి కన్నంలోనూ దారం ఉంది. మిషను మీద చిన్న కుట్టు, దాని పక్కనే గుండుసూది మందం వదిలి ఇంకో వరస. రెండు వరసలు ఎవరు వేస్తారో, ఎవరికి తను నేర్పిందో ఆవిడకి తెలుసు.

"ఇరవై."

కోడలి కళ్ళు అత్త కోసం వెతికి, కనబడ్డాక అక్కడే ఆగాయి. భయపడొద్దని చెబుతున్నట్టు చూసింది, అత్త వైపు.

అత్త మెట్టెక్కింది. మెడలో కత్తెర తీసి లేసు తెంపింది. తాడు కొసలు జారిపోయి కోడలికి ఒక ఊపిరి వచ్చింది, నీళ్ళలోంచి లేచినట్టు. జనం ఓ అన్నారు. మేడం నవ్వు చెరగనివ్వలేదు.

"లేసు తెగింది, అంతే. పెట్టెలో ఇంకోటుంది, తీసుకురండి."

తేవడానికి ఎవరో కదిలారు. అత్త ఎడమ చెయ్యి బోను పై అంచు కిందికి పోనిచ్చి, గుడ్డని పిల్ల ఒంటికి ఎడంగా ఎత్తిపట్టింది. రెండు ఉక్కు పట్టీల మధ్య శాటిన్‌లోకి కత్తెర దించింది. దారాలు కోసే కత్తెర, గుడ్డ కోసేది కాదు. కసక్, కసక్ అని కొంచెం కొంచెంగా, కుట్టు పక్కనుంచి, పైనుంచి కింది దాకా. షోరూములో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మాస్టారు టేపు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు గానీ ఆపలేదు. చివరి అంగుళం దగ్గర గుడ్డ గట్టిపడితే, ఆయనే వంగి రెండో కొస బిగించి పట్టాడు.

బోను రెండుగా విచ్చుకుని మెట్టు మీద పడింది. ఉక్కు మోగింది.

"మూడో నెల మేడం, ఈ పిల్లకి," అంది అత్త. గట్టిగా ఏమీ అనలేదు. అద్దం అవతల వీధిలో నిలబడ్డవాళ్ళకి వినబడి ఉండదు. లోపలున్న ఆడవాళ్ళందరికీ వినబడింది. అన్నం మానమన్న ఆవిడే తను కూర్చున్న కుర్చీ ఎత్తి ముందుకి తోసింది.

మేడం ఆ ఆడవాళ్ళ మొహాలు చూసింది. కూర్చోమని కోడలికి చెప్పింది, చాలా మెత్తగా. తర్వాత అత్తతో, ఇంకా మెత్తగా, జనం వెళ్ళాక ఇద్దరూ పైకి రండి అంది.

వెనక గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చున్నారిద్దరూ. కోడలు గ్లాసుడు నీళ్ళు గుక్క గుక్కగా తాగింది.

"మీకెవరు చెప్పారు?"

"టేపు."

"మాస్టారా?"

"ఆయన కాదు. నా టేపు."

కోడలు గ్లాసు తిప్పుతూ కూర్చుంది. తర్వాత, తల ఎత్తకుండా, పొద్దున ఇస్త్రీ చేస్తుంటే ఆ కుట్టు చూశానని చెప్పింది. కన్నాలు ఖాళీగా ఉన్నాయట. లోపలి పట్టీ కూడా మర్చిపోయారనుకుని, రెండూ తనే కుట్టేసిందట.

"మీకు కళ్ళు కనబడట్లేదేమో అనుకున్నా అత్తయ్యా. అందరి ముందూ పిగిలితే మిమ్మల్ని తీసేస్తారని..."

అత్త ఒళ్ళో కోసిన శాటిన్ ముక్క ఉంది. దాన్ని వెలుతురుకి ఎత్తి రెండు వరసల మీదా బొటనవేలు నడిపింది. ఎక్కడా పోగు లేవలేదు.

"బాగా కుట్టావే," అంది. "కనీసం గోడకైనా చెప్పాల్సింది."

"గోడకి చెబితే మీకు చెప్పదా?" అంది కోడలు. ఇద్దరికీ నవ్వు వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు.

"నొప్పేమైనా ఉందా?"

కోడలు పొట్ట మీద చెయ్యి పెట్టి, లోపల ఏదో వింటున్నట్టు కాసేపు ఆగింది. లేదంది. కొంచెంసేపయ్యాక అత్త మళ్ళీ అడిగింది. ఈసారి జవాబుకి ఇంకాస్త ఎక్కువసేపు పట్టింది.

షోరూములో మాటలు పల్చబడ్డాయి. తలుపు మూసిన చప్పుడు, మేడం మెట్లెక్కిన చప్పుడు వినబడ్డాయి. పైన బెల్లు మోగింది, ఒకసారి, తర్వాత ఇంకోసారి.

అత్త కత్తెరని ఆ శాటిన్ ముక్కతోనే తుడిచి, మళ్ళీ మెడలో వేసుకుంది. లేచి చెయ్యి ఇచ్చింది. కోడలు పట్టుకుంది. మెట్ల దగ్గర అత్త వెనక్కి జరిగి, ఆ పిల్లని ముందు ఎక్కనిచ్చింది. పడితే తన మీద పడుతుందని.

"మెల్లగా ఎక్కు," అంది. "బెల్లు కొట్టుకోనీ."